పడవలో ఫ్రిజ్‌కు కాపలా

మైదుకూరు దాటాక లోపలికి తిరిగే దారి చివర ఒక రిజర్వాయరు ఉంది. అక్కడ మా నాయన కాపలా పని చేస్తాడు. ఓడల్లో ఇంజినీరుగా చేసి రిటైరైన కడప పెద్దాయన ఒకరు, ఆ నీళ్లలో చిన్న తెరచాప పడవ పెట్టుకుని ఏడాదిలో సగం రోజులు భార్యతో అందులోనే ఉంటారు.

"తాగను నీళ్లకే కటకట. ఈయప్పకు తెరచాప గావాల్సొచ్చింది" అని మా నాయన నవ్వేవాడు.

ఆ వేసవిలో పెద్దాయన భార్యకు కంటి ఆపరేషన్ ఉండి రెండు వారాలు హైదరాబాదు వెళ్తూ తాళాలు నాకిచ్చారు. పడవలోని ఫ్రిజ్‌లో ఆమె మూడు నెలల ఇన్సులిన్ సీసాలున్నాయి. ప్రయాణానికి కావలసినవి మాత్రమే తీసుకెళ్లారు. మా ఇంట్లో ఫ్రిజ్ లేదు. నీళ్లు తగ్గి పడవ లోపలికి జరగడంతో ఒడ్డు మీది కరెంటు తీగ దానికి అందడం లేదు. పడవ కప్పు మీది సోలార్ ప్యానెళ్లు, వాటి కింద బ్యాటరీ, అంతే ఆధారం.

"చూడు పాపా, ఈ అంకె ఎనిమిది దాటగూడదు. దాటిందా, నాకు ఫోన్ చెయ్. ఏ యాళైనా సరే" అన్నాడు పెద్దాయన, ఫ్రిజ్ తలుపు మీది డిగ్రీల అంకె చూపిస్తూ.

తల ఊపాను. ఫోన్లో మాట్లాడడం నాకెంత కష్టమో ఆయనకు తెలియదు. మైదుకూరులో నేను పనిచేసే జిరాక్సు షాపులో కూడా ఫోన్ మోగితే పక్కమ్మాయి వైపు చూస్తాను.

ఉదయం బస్సుకు ముందు ఒకసారి, సాయంత్రం బస్సు దిగాక ఒకసారి తగ్గిన నీళ్ల అంచు నుంచి వేసిన చెక్క మీద నడిచి పడవలోకి వెళ్లేదాన్ని. ఫ్రిజ్ తలుపు మీది అంకె, బ్యాటరీ అంకె డైరీలో రాసుకునేదాన్ని. నాలుగు. నాలుగు. అయిదు. నాలుగు. షాపులో కాగితాలు తీస్తున్నా మనసు పడవలోనే ఉండేది. రాత్రి చదువుకుందామని పుస్తకం తెరిస్తే చదివిన పేజీనే మళ్లీ చదివేదాన్ని.

రెండో వారం గురువారం సాయంత్రం ఏడు చూపించింది. శుక్రవారం సాయంత్రం పదకొండు. బ్యాటరీ అంకె పడిపోతోంది. ఎండ చూస్తే నిప్పులు కురుస్తోంది. మరి ఛార్జి ఏమవుతున్నట్టు? తీగల చివరలు తుడిచాను, బిగించాను. తలుపు తెరవడం మానేశాను. కప్పు ఎక్కి ప్యానెళ్లు చూడాలని తోచకపోలేదు. కానీ ఒడ్డున వలలు బాగుచేసుకునే మగవాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందు ఆ ఇనప మెట్లు ఎక్కలేకపోయాను. పెద్దాయనకు మెసేజ్ టైపు చేసి, రేపు తగ్గుతుందేమోనని చెరిపేశాను. శనివారం పదహారు. మళ్లీ టైపు చేశాను, మళ్లీ చెరిపాను.

ఆదివారం పొద్దున వెళ్లేసరికి ఫ్రిజ్ ఆగిపోయి ఉంది. పడవ గోడకు తగిలించి ఉన్న థర్మామీటరు తీసి లోపల పెట్టి చూస్తే ఇరవై తొమ్మిది. ఆ అంకె డైరీలో రాస్తుంటే చెక్క మీద అడుగుల చప్పుడైంది. తల మీద బేసిన్‌తో మా అమ్మ. నన్ను చూడకుండానే గబగబా ఇనప మెట్లెక్కి పోయింది. నేనూ వెనకే ఎక్కాను.

ప్యానెళ్ల మీద మా నాయన పాత పంచె పరిచింది. దాని మీద సగ్గుబియ్యం వడియాలు పెడుతోంది.

"ఏం పని మా ఇది!"

"ఎందుకట్ల అరుస్తాండావు? ఇంటికాడ కోతులు ఒక్కటి మిగలనిస్తాండాయా? ఈడికైతే ఒక్క కోతీ రాదు. అద్దం మాదిరి నున్నగుండాది, పెనం మాదిరి కాలతాండాది. మూడు దినాల్నుంచీ శానా బాగా ఎండతాండాయి."

"మూడు దినాలా?"

నేను షాపులో ఉండగా తొమ్మిదింటికి వేసి, నేను వచ్చేలోగా ఎత్తేసేది. నాకు చెప్పాలని కూడా ఆమెకు అనిపించలేదు. ఎండ తగిలే జాగా ఖాళీగా ఉంటే మా ఊళ్లో ఎవరైనా అదే చేస్తారు. సంగతి చెప్పేసరికి ఆమె ముఖం పాలిపోయింది. పంచె ఎత్తేసి, పైట చెంగుతో ప్యానెళ్లు తుడిచింది. మధ్యాహ్నానికి ఫ్రిజ్ గుర్రుమంది. మూడింటికి మళ్లీ నాలుగు.

"సల్లబడె గదా. గమ్మునుండు. చెప్పగాకు. ఆ సీసాలు చూడు, కొత్తయి మాదిరే ఉండాయి" అంది అమ్మ.

నిజమే, నీళ్లలా తేటగా ఉన్నాయి. నేను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. పెద్దాయన భార్య వచ్చి అవే పొడుచుకుంటుంది. పెద్దాయనకు ఫోన్ చేశాను. ఆమే ఎత్తింది.

"నేనమ్మా... పడవ..."

"పడవా? మునిగిందా ఏంది?"

"లేదమ్మా. ఫ్రిజ్..."

డైరీ తెరిచి గురువారం నుంచి చదివేశాను. ఏడు, పదకొండు, పదహారు, ఇరవై తొమ్మిది. మెసేజ్ రాసి చెరిపానన్నది కూడా అక్కడే ఉంది, అదీ చదివాను. వడియాల సంగతి చివర్లో చెప్పాను.

"పదకొండప్పుడే చెయ్యాల్సింది పాపా."

"అవునమ్మా."

"ఇంగ వాటిని నమ్మేదిల్యా. పారేస్తాం. ఈడినుంచి కొత్తయి తెచ్చుకుంటాం." అంతలోనే, "మీ అమ్మ పక్కనుండాదా?"

ఫోనుకు చెవి ఆనించి వింటున్న అమ్మ, లేనని చెప్పమని చెయ్యి ఊపుతోంది.

"ఉందమ్మా."

"మాకూ రెండు పిడికిళ్లు ఎత్తిపెట్టమను. అంత ఖరీదైన వొడియాలు మేమెప్పుడూ తిన్లేదు."

అమ్మ నవ్వలేదు. ఆ వడియాల డబ్బా మూత చాలా రోజులు తెరవలేదు కూడా.

వాళ్లు తిరిగొచ్చేదాకా ఇంకా నాలుగు రోజులున్నాయి. సీసాలన్నీ తీసి సంచిలో కట్టిపెట్టాక ఫ్రిజ్‌లో రెండు నిమ్మకాయలు తప్ప ఏమీ లేవు. అయినా రెండు పూటలా వెళ్లాను, అంకెలు రాశాను. అయితే తలుపు తాళం తీయకముందే, ఒడ్డున ఎవరున్నా సరే, ఇనప మెట్లెక్కి కప్పు చూసి దిగేదాన్ని.