దాలమ్మ నాలుక మీద ఉప్పు

వంశధార సముద్రంలో కలిసే చోటికి కూతవేటు దూరంలో ఉన్న ఆ ఊళ్లో మట్టి సంగతి తెలియాలంటే అందరూ దాలమ్మ దగ్గరికే పోతారు. ఆవిడ చిటికెడు మట్టి నాలుక మీద వేసుకుని, కళ్లు మూసుకుని, తుపుక్కున ఉమ్మి, ఈ మడి నాటుకోండి, ఆ మడి జోలికి పోకండి అని తేల్చేస్తుంది. అరవై ఏళ్లొచ్చినా ఆ నాలుక ఒక్కసారీ తప్పలేదు. మట్టిలో ఉప్పు తెలిసినదానికి పులుసులో ఉప్పు తెలీదేమని మొగుడు నరసింగరావు మాత్రం ఎకసెక్కాలాడతాడు.

ఆవిడ సొంత అరెకరం తుపానుకి సముద్రం ఎక్కి చవుడైపోయింది. ఏడేళ్లుగా గింజ లేదు. అందుకే పద్మకుమారి అనే వరి శాస్త్రవేత్త వచ్చి, ఉప్పునీ ఎండనీ తట్టుకునే కొత్త రకాన్ని ఇక్కడ పరీక్షిస్తామంటే, పొలం ఇచ్చి కాపలాకి కూడా తనే కూర్చుంది. పాత వరిలో ఉప్పు తగలగానే మొక్కని కుంగదీసే జన్యువు ఒకటుందట, దాన్ని కత్తిరించేశారట. దాలమ్మకి చప్పున అర్థమైపోయింది.

"అయితే బ్రెమ్మ రాతలో ఒక్క అచ్చరం కొట్టీసినారన్నమాట," అంది.

మంచమంత మళ్లు ఎనిమిది కట్టారు. ఎర్రపుల్లలున్న నాలుగింట పోల్చి చూడ్డానికి పాత రకం, తెల్లపుల్లలున్న నాలుగింట కొత్తది. అన్నింటికీ ఉప్పుబావి నీళ్లే, మంచినీళ్లు చుక్క కూడా పొయ్యకూడదు. కొత్తది నెగ్గితే ఈ తీరానికి ఆ విత్తనం ఎప్పటికైనా వస్తుంది. ఓడితే వాళ్లిక ఇటు రారు.

ఇరవై రోజులకి ఎర్రపుల్లల మళ్లలో ఆకుల కొసలు మాడాయి. మాడాలి మరి, అందుకే కదా నాటింది! కానీ కళ్లెదుట పైరు చస్తుంటే చేతులు కట్టుకు కూర్చోవడం దాలమ్మ ఇంటా వంటా లేదు. రోజూ తెల్లారగానే కుళాయి దగ్గర బిందెలు నింపి, గుట్టుచప్పుడు కాకుండా తెచ్చి పోసింది. అదీ మూడు మళ్లకే. నాలుగోది ఆ చివర తుమ్మకంచె దగ్గరుంది, అంతదూరానికి మోకాళ్లు ఒప్పుకోలేదు.

లెక్క తీసుకోడానికి వచ్చిన పద్మకుమారి ముఖం చిన్నబోయింది. తెల్లపుల్లల మళ్లతో పాటు ఎర్రపుల్లలవీ మూడు పచ్చగా ఉన్నాయి, ఒక్కటే ఎండింది. పాత రకమే ఇలా బతికితే కొత్తదాని గొప్పేముంది, ఇక్కడితో ఆపేద్దామని పుస్తకంలో రాసుకుంది. చివరి మడిలో ఉప్పెక్కువేమో, ఉప్పు కొలిచే మీటరు పెట్టేలోపు నువ్వోసారి చూసి చెప్పమ్మా అని మట్టి అందించింది.

అవునంటే చాలు, తప్పు బయటపడదు. విత్తనం మాత్రం పోతుంది. దాలమ్మ నాలుగు మళ్ల మట్టీ నాలుక మీద వేసుకుంది.

"ఆ మడిలో ఉప్పెక్కువ కాదమ్మా, ఈ మూడింట్లోనే తగ్గిపోనాది. రాసింది కొట్టీండి. ఆ మూడింటికీ నాను మంచినీళ్లు పోసీసినాను. సస్తంటే సూడనేకపోనాను."

పద్మకుమారి గట్టు మీద కూలబడింది. ఒక పంటకాలం మొత్తం గంగపాలు! కోపం రాకుండా ఎలా ఉంటుంది? కానీ బిందెలు ఎన్నని అడిగి, మోకాళ్ల కథ విని, చివరికి పగలబడి నవ్వింది. మళ్లీ నాటుదాం, కాపలా నువ్వే అంది. దొంగ చేతికి తాళాలా అని నరసింగరావు గొణిగాడు. అబద్ధమాడే వీలుండి కూడా ఆడని మనిషి తనకింకెక్కడ దొరుకుతుందని పద్మకుమారి అతని నోరు మూయించింది.

రెండోసారి దాలమ్మ బిందె ముట్టలేదు. రోజూ గట్టు మీద కూర్చుని, ఎర్రపుల్లల మళ్లు పసుపెక్కి, గడ్డై, నేలకి ఒరిగేదాకా చూసింది. రెండు పూటలు అన్నం కూడా సయించలేదు. పక్కన తెల్లపుల్లల మళ్లు నాలుగూ పొట్టకొచ్చి వెన్నులు తీశాయి. ఏడేళ్ల తర్వాత తన పొలంలో వెన్ను చూసి ఆవిడకి ఒళ్లు పులకరించింది.

పద్మకుమారి వచ్చి పుస్తకం తెరిచింది. దాలమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఈ పాలి బాగా సచ్చినాయమ్మా," అంది. "రాసుకోండి."