కళ్లాపి చల్లిన ఐసు

2009 నవంబర్ రెండో శనివారం, ఉదయం సరిగ్గా ఏడున్నరకి, అమెరికాలో హెర్న్‌డన్ అనే ఊరి దగ్గర ఓ ఐస్ రింకుని నేను నాశనం చేశాను. ఒళ్లు వంచి, శ్రద్ధగా మరీ చేశాను.

మా అక్క కూతురు సునంద అక్కడ కర్లింగ్ అనే ఆటకి ఐసు తయారుచేసే పని నేర్చుకుంటోంది. తొమ్మిదింటికి ఆట. అంతకుముందే దాని బాస్ డేవ్ వచ్చి, పెద్ద రాతిబిళ్ల ఒకటి ఐసు మీద వదిలి చూస్తాడు. బాగా జారితే దాని ఉద్యోగం ఖాయం. లేకపోతే లేదు.

అటునుంచి అటే తన స్నేహితురాలింట్లో వ్రతానికి వెళ్లాలని నన్నూ తీసుకెళ్లి బెంచీ మీద కూర్చోబెట్టింది. నన్ను కూర్చోబెట్టడమంటే కుక్కర్ విజిల్‌ని చేత్తో నొక్కిపట్టడమే.

సునంద వీపుకి నీళ్లడబ్బా తగిలించుకుని, వెనక్కి నడుస్తూ సన్నటి చినుకులు చల్లుతోంది. అవి గడ్డకట్టి బొడిపెలైతేనే రాయి జారుతుందట.

"ఐసు మీద ఆ రంగుల చక్రమేంటే?" అని అరిచాను.

"హౌస్ పిన్నీ! రాయి దాని మధ్యకి రావాలి. ప్లీజ్, కదలకు!"

హౌస్ అంటే ఇల్లు. ఇంటి ముందు కళ్లాపి చల్లేశారు. మీరే చెప్పండి, తరవాత చెయ్యాల్సిందేమిటి?

సునంద డబ్బా పెట్టడానికి లోపలికెళ్లింది. నా సంచిలో వ్రతానికని తెచ్చిన బియ్యప్పిండి ఉంది. అడ్డుగేటు మీద ఏదో బోర్డుంది. తెలుగక్షరాలే యాభై దాటాక నేర్చినదాన్ని, ఇంగ్లీషు బోర్డు నన్నేం ఆపుతుంది? గేటు తోసుకుని వెళ్లి, చక్రం అంచున, నీలం రంగు మీద తెల్లగా మెరిసిపోయేలా, ఎనిమిది రేకుల పద్మం వేశాను.

"పిన్నీ! ఏంటిది?"

"ముగ్గే. ఇల్లు బోసిగా ఉంటే బాగుంటుందా?"

"అయిపోయింది, నా జాబ్ పోయింది! రాయి ఈ పిండి మీద ఆగిపోతుంది!"

"ఆగితే మంచిదేగా. ఇల్లొచ్చేసిందిగా!"

"మధ్యకి పోవాలి పిన్నీ, మధ్యకి!"

అప్పుడే డేవ్ వచ్చాడు. వస్తూనే రాయి వదిలాడు. అది ఠీవిగా వచ్చి, పద్మం తగలగానే, చిల్లర లేక టోల్ దగ్గర ఆగిన కారులా నిలబడిపోయింది.

"హూ డిడ్ దిస్?"

సునంద నా పేరెత్తలేదు. "ఐ విల్ ఫిక్స్ ఇట్," అంది. ఊడ్చింది, మిషన్‌తో గీకింది, మళ్లీ చినుకులు చల్లింది. నేను బెంచీ మీదే ఉన్నాను గాని, నా కాళ్లు చెప్పుల్లో పరుగులు పెడుతూనే ఉన్నాయి. డేవ్ మళ్లీ రాయి వదిలాడు. అది జారి జారి చక్రం నడిబొడ్డున ఆగింది.

డేవ్ సునంద చెయ్యి పట్టి ఊపాడు. తరవాత నా పిండి చేతులు చూసి ఇంకేదో అన్నాడు.

"ఏమన్నాడే?"

"నన్ను తీసుకున్నాడు పిన్నీ. నిన్ను తీసుకురావద్దన్నాడు."

కాబట్టి సమస్త జనులకూ మనవి చేసుకునేదేమంటే, గుమ్మం లేని ఇంటికి ఈ జన్మలో ముగ్గు వెయ్యను. ఇందుకు సాక్షులు ఆనాడు అక్కడున్న ముగ్గురమే: సునంద, డేవ్, రత్తమ్మనైన నేను.