మూడు టీవీలు దాటిన పడవ

మా ఇంట్లో కిరాయికున్న పెద్దాయన జహీరాబాద్ టాకీసులో ఏళ్ల తరబడి రీళ్లు తిప్పినవాడు. ఆయన దగ్గర మాటల్లేని పాత సినిమా ఒకటి మూడు డిస్కుల్లో ఉండేది. అందులో ఒకే బొమ్మ మూడు తెరల మీద పరుచుకుంటుంది. ఒక్కో తెరకు ఒక్కో డిస్కు. మూడూ కలిసి ఆడుతుంటే ఒక్కసారి చూడాలని ఆయన ఆశ. కంటి ఆపరేషన్‌కు పోయే ముందురోజు మా టీవీ పక్కన ఇరుగుపొరుగు టీవీలు రెండు, డిస్కు ప్లేయర్లతో సహా తెచ్చి పెట్టాడు.

ఆయనొక రిమోటు, పక్కింటామె ఒకటి, నేనొకటి పట్టుకున్నాం. ముగ్గురం ఒకేసారి ఒత్తాలి; నేను ఒత్తడం ఆలస్యమైంది. సినిమాలో పడవ ముక్కు నడిమి టీవీలోకి పోయినా, దాని వెనుక సగం పక్కనున్న నా టీవీలోకి ఇంకా రానేలేదు.

"పడవను నరికినవు గద వదినా!" పక్కింటామె నవ్వింది.

"ఫికర్ లేదు, మల్ల పెడ్దం," అన్నాడాయన.

ఐదోసారి పడవ ఎక్కడా తెగకుండా మూడు టీవీలూ దాటింది. చూస్తే ఆయన నా ముఖం వైపు చూస్తున్నాడు.

"గిటు చూడు కాకా, పోతున్నది!" అన్నాను.

"రీళ్లు తిప్పినన్ని దినాలు జనం వీపులే కనవడ్డయి బిడ్డా. సినిమ చూసే మొఖం ఇయ్యాల చూసిన."

మా ఆయన పోయినప్పటి నుంచి, మంచిపనికి బయలుదేరేవాళ్లు నేనెదురైతే ఆగిపోతారు. అందుకే మర్నాడు కాకా సంచి తీసుకోగానే నేను లోపలికి జరిగాను.

"లోపటికి పోతవేంది బిడ్డా? ఎదురు రా," అన్నాడు.