ఒంటికి పట్టని తిండి

లాండ్రీలో బట్టలు ఇస్త్రీ చేసే ఆమెను వీధంతా ఇస్త్రీ అక్క అనే పిలిచేది. అమ్మానాన్నా పోయాక ఉన్న ఒక్క తమ్ముణ్ణీ తనే పెంచింది. వాడి పరుగు చూసి వీధివాళ్లు గుర్రం అని పేరు పెట్టారు. తిండి కూడా పేరుకు తగ్గట్టే ఉండేది. రొట్టె మొత్తం లాగించేసి, "అక్కా, ఇక భోజనం పెడతావా?" అని అడిగే రకం.

ఫైర్ సర్వీసు ఉద్యోగానికి పరుగు పరీక్ష దగ్గరపడింది. సరిగ్గా అప్పుడే గుర్రం చతికిలబడ్డాడు. మైదానం ఒక్క చుట్టు తిరిగేసరికి కాళ్లు పీకేసేవి. ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరేది కాదు. ఆకలి రెట్టింపైంది, ఒళ్లు మాత్రం సగమైంది.

"తిన్నది ఒంటికి పట్టడం లేదురా నీకు," అంది అక్క. ఆ మాట అనని ఇల్లు మనలో ఉండదు. అన్నాక అందరం ఏం చేస్తామో ఆమె కూడా అదే చేసింది. ఇంకా పెట్టింది. పాలల్లో చక్కెర పెంచింది, అరటిపళ్లు తినిపించింది, మైదానానికి సీసా నిండా పళ్లరసం మోసుకెళ్లింది. "చాలక్కా బాబూ, పొట్ట పగిలిపోద్ది," అని వాడు మొత్తుకున్నా వినలేదు. ప్రేమ ఎవరి మాట విన్నది గనక!

పరీక్ష ముందురోజు వాంతులు పట్టుకున్నాయి. రొప్పుతూ రొప్పుతూ కూలబడ్డాడు. ఆస్పత్రికి చేర్చేటప్పటికే స్పృహ లేదు. తెల్లారేసరికి పోయాడు.

డాక్టరమ్మ అక్కను కూర్చోబెట్టి చెప్పింది. "తిన్నది చక్కెరగా మారి రక్తంలోకి వస్తుందమ్మా. దాన్ని కండల్లోకి పంపడానికి ఇన్సులిన్ కావాలి. కండల్లోకి చేరితేనే అది శక్తి అవుతుంది, మనిషి పరిగెత్తగలుగుతాడు. మీ తమ్ముడి ఒంట్లో ఇన్సులిన్ తయారవడమే ఆగిపోయింది. రక్తం నిండా చక్కెర, కండలకేమో పస్తు. గతిలేక ఒళ్లు తన కొవ్వునే కరిగించుకుంది. అలా పుట్టిన ఆమ్లాలతో రక్తం విషమైపోయింది."

"అంటే నేను పెట్టిందంతా..."

"జబ్బు మీవల్ల రాలేదమ్మా. కాకపోతే కాస్త ముందు తీసుకొచ్చుంటే, ఇంజెక్షన్లతో బతికేవాడు."

నిజమే చెప్పింది మహాతల్లి. ఆ చివరి ముక్క మింగేసి ఉంటే ఆమె సొమ్మేం పోయేది!

అంత్యక్రియలు అయ్యాక అక్క గోడకు జారగిలబడి కూర్చుంది. కంట చుక్క నీరు లేదు. వచ్చినవాళ్లు "మనిషా, బండరాయా?" అని గొణుక్కున్నారు. పక్కింటి పిన్ని మాత్రం కంచంలో ఇంత అన్నం కలిపి తెచ్చింది.

"నాలుగు ముద్దలు తినవే తల్లీ."

"నా వల్ల కాదు పిన్నీ."

"ఏడవడానికైనా ఒంట్లో ఓపిక ఉండొద్దూ?"

పిన్ని నోట్లో పెడితే మింగింది. కాసేపటికి చేతుల వణుకు తగ్గింది, పాదాలు వెచ్చబడ్డాయి. తమ్ముడు పోయినా తన ఒళ్లు మాత్రం తన పని మానలేదు. వాడికి అంత తిన్నా దొరకనిది తనకు నాలుగు ముద్దలకే దొరికింది. ఆ సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది ఆమెకు.

లేచి నిలబడేంత ఓపిక వచ్చింది. లేవలేదు. ఆ ఓపికంతా పెట్టి ఏడ్చింది.