నేను కల్పించిన నలభై రోజుల మైల

ముప్ఫై ఏళ్లు బడిలో సైన్సు చెప్పినదాన్ని. నా కూతురు పుట్టినప్పుడు అత్తగారు పురిటి మైల అంటూ మమ్మల్ని పదకొండు రోజులు మూలగదిలో పెడితే, ఆవిడతో రోజూ పోట్లాడాను. అలాంటి నేను పోయిన చలికాలం నాచారం ఫ్లాటులో కూర్చుని మైల గురించి పచ్చి అబద్ధాలాడాను. ఇప్పటికీ సిగ్గు లేదు.

మనవరాలు ఎనిమిదో నెలలోనే పుట్టింది. ఉమ్మనీరు అంతకు ఒకరోజు ముందే పోయింది. బరువు రెండు కిలోలు లేదు. రెండు వారాలు ఆసుపత్రిలో ఉంచుకుని పంపిస్తూ, ఇలాంటి పిల్లలకి ఇన్ఫెక్షన్ సోకితే ప్రాణం మీదికొస్తుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. జలుబు, దగ్గు ఉన్నవాళ్లని గడప తొక్కనివ్వద్దంది. రెండున్నర కిలోలు వచ్చేదాకా వీలైనంతవరకు తల్లే ఎత్తుకోవాలంది. భయంతో నాకు అన్నం సహించలేదు. నేనూ పిల్లని ముట్టుకోలేదు.

మర్నాడే ఎదురు ఫ్లాటావిడ దగ్గుకుంటూ వచ్చింది. డాక్టరు మాట చెప్పాను.

"డాక్టర్లు గట్లనే అంటరు అక్కా. నేను నలుగుర్ని సాదిన. జర ఒక్క ముద్దు పెట్టుకొని పోత," అంటూ చెప్పులు విప్పింది.

సైన్సు పారలేదు. "పెట్టుకోమ్మా. కాకపోతే మైల పోలేదు. ముట్టుకుంటే తలమీంచి చన్నీళ్లు పోసుకోవాలి, మూడు రోజులు దేవుడికి దీపం పెట్టకూడదు."

"పురుడు అయిపాయె గద?"

"నెలలు నిండని బిడ్డకి మా గోదావరి వైపు నలభై రోజులు."

ఆవిడ గబగబా చెప్పులేసుకుంది. సాయంత్రానికి ఆ సంగతి అపార్ట్‌మెంటంతా పాకింది. ఉప్పల్‌ నుంచి వస్తామన్న చుట్టాలు ఫోన్లోనే దీవించారు. లోపల నా కూతురు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది.

ముప్ఫై ఎనిమిదో రోజున పిల్ల రెండున్నర కిలోలు దాటింది. మోచేతులదాకా కడుక్కుని, మొదటిసారి ఎత్తుకోబోతూ తుమ్మాను. పోపు ఘాటన్నాను. పొయ్యి వెలిగించనేలేదని కూతురికి తెలుసు.

"అమ్మా, మైల," అంది.

"అది నేను కల్పించిందే!"

"అందుకే ముందు నువ్వు పాటించు," అని తలుపేసింది.

సరిగ్గా నలభై ఒకటో రోజు పొద్దున్నే ఎదురింటావిడ తలంటుకుని వచ్చింది. రోజులు లెక్కపెట్టుకుందట. దగ్గెప్పుడో తగ్గిపోయింది. సబ్బుతో చేతులు కడుక్కుని మనవరాల్ని ఎత్తుకుంది. కుళ్లుతో నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మాస్కు సర్దుకుని ఒక్క అడుగు ముందుకేశాను.

ఆవిడ పిల్లని గుండెకి హత్తుకుని అటు తిరిగింది. "జర దూరముండు అక్కా, నీకు సర్ది ఉన్నది. పసిబిడ్డ," అంది.