కింది మలుపులో హారను

మంచు కొండల్లో మా ఆర్మీ వర్క్‌షాపు దగ్గర లారీ దిగేసరికి సాయంత్రం నాలుగు. వెలుతురు అప్పుడే పోతోంది. భుజాన కిట్టు, చేతిలో పానాల పెట్టె. ఊపిరి సరిగా అందలేదు. ఆ చలికి వట్టి చేత్తో పానా ముట్టుకుంటే చర్మం దానికే అతుక్కునేది. హవల్దారు నాకు టీ ఇచ్చి రెండు మాటలు చెప్పాడు.

"ఇక్కడికి కొత్త పార్టులు రావు. పోయిన బండివి తీసి నడిచే బండికి పెట్టు. ఎవరి బండిదని అడగకు."

రెండో మాట: "మలుపు దాటిన ప్రతి బండీ వైర్‌లెస్‌లో చెప్పాలి. చెప్పలేదంటే తాడు తీసుకుని బయల్దేరాలి."

ఒకరోజు మంచు పడుతుండగా డ్రైవరు గొంతు వినిపించింది. "నాలుగో మలుపు దాటాను." ఐదోది రాలేదు. నేను సెట్టు దగ్గర ఇంకా చెవి పెట్టి కూర్చున్నాను. హవల్దారు అప్పటికే తాడు భుజాన వేసుకుని నడుస్తున్నాడు. ఆ డ్రైవరు బతికాడు. ఆ రెండో మాట ఇక జన్మలో మర్చిపోనని అనుకున్నాను.

మాది సాలూరు. సర్వీసు అయిపోయాక అరకు వచ్చేశాను. నా భార్య ఇక్కడ ఆరోగ్య కేంద్రంలో నర్సు. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. ఒక కాఫీ తోటలో, షెడ్డు వెనక, పాత పికప్పు కనబడింది. వయసులో నాకంటే పెద్దది. సీటులో కోడి గుడ్లు పెట్టి పొదుగుతోంది. ఆ గుడ్లు పిల్లలయ్యేదాకా ఆగి, బండిని ఇంటికి లాగించుకొచ్చి పెరట్లో రేకుల కింద పెట్టాను.

"ఏటండీ ఇది? ఇల్లనుకున్నారా, పాతసామాన్ల కొట్టనుకున్నారా?" అంది మా ఆవిడ.

"డ్యూటీలో ఉన్నాను. తర్వాత మాట్లాడు," అన్నాను.

నవ్వింది. బట్టల తాడు మాత్రం అవతలి గోడకి మార్చుకుంది.

రేడియేటరు సాలూరు లారీ షెడ్లలో దొరికింది. తలుపులు రెండు వేరు వేరు బండ్లవి, ఒకటి నీలం, ఒకటి పచ్చ. హారను రోడ్డు పక్క పాత ఇనుము కొట్లో పట్టాను. రెండు ఇత్తడి బూరలు, ఒకదానికి ఎవరో ఎప్పుడో అతుకు వేశారు. కొట్టి చూస్తే మొదట సన్నగా మొదలై చివర బొంగురుపోయింది.

"లోయలో పడిపోయిన జీపుది బాబూ," అన్నాడు కొట్టువాడు.

ఎవరిదని నేను అడగలేదు.

మొదటిసారి బండి తీసింది సంత రోజున. మా ఆవిడ పక్కన కూర్చుంది. వెనక పక్కింటివాళ్ల రాజ్‌మా బస్తాలు. ఈ కొండల్లో జీపులవాళ్లకి ఒక పద్ధతి ఉంది. ఊరికి ముందు పై మలుపులో హారను కొడితే జనం మూటలు కట్టుకుంటారు. ఊరి పక్కనే ఉన్న కింది మలుపులో కొడితే రోడ్డు మీదికి వస్తారు. నేనూ అలాగే రెండు చోట్లా కొట్టాను.

కింది మలుపు తిరిగేసరికి ఒక ముసలావిడ గట్టు మీంచి పరుగున దిగుతోంది. చేతిలో అడ్డాకుల పొట్లం. బండికి ఎదురొచ్చి నిలబడింది. బ్రేకు తొక్కాను. డ్రైవరు సీటులో నన్ను చూసింది. చూసి, రోడ్డు మీదే కూలబడింది.

మా ఆవిడ దిగి ఆమెను పట్టుకుంది. తలెత్తి నాతో మెల్లగా అంది. "ఈవిడ కొడుకు జీపు నడిపేవాడండీ. మొన్న వానల్లో ఇక్కడే లోయలో పడిపోయాడు. ఈ హారను వాడిదేనేమో."

ఎన్ని బండ్ల పార్టులు విప్పానో, బిగించానో. వాటి కోసం ఒక్క మనిషి కూడా ఇలా పరిగెత్తుకు రాలేదు. దిగి, "తీసేస్తానమ్మా," అన్నాను.

"పోనాడని బుర్రకి తెల్సు బాబూ. కాళ్లకే తెల్దు," అంది. పొట్లం నా చేతిలో పెట్టింది. "సామన్నం. నువ్వు తినీ."

తర్వాతి సంతకి ఒక్కడినే బయల్దేరాను. హారను తీసేస్తే ఘాట్‌లో మిగతా మలుపులకి దిక్కులేదు. అందుకని ఆమె ఇంటి దగ్గర మాత్రం కొట్టకూడదనుకున్నాను. ఆమెను మళ్లీ పరిగెత్తించకూడదు, అంతే నా ఆలోచన. పై మలుపులో అలవాటుగా కొట్టాను. తర్వాత ఆవుల మంద అడ్డొచ్చింది. అది దారిచ్చేదాకా ఆగాను. కింది మలుపులో హారను మీద చెయ్యి వెయ్యలేదు. ఫస్టు గేరులో, నడక కంటే నెమ్మదిగా తిరిగాను.

ఆమె రోడ్డు అంచున ఉంది. నా వైపు వీపు. లోయలోకి వంగి అరుస్తోంది.

"బాబూ... ఎక్కడున్నావు బాబూ?"

ఇంజను ఆపి దిగాను. "అమ్మా, ఇక్కడున్నాను," అన్నాను.

తిరిగి చూసింది. నన్ను చేత్తో తడిమింది, భుజం, మెడ, మొహం.

"పైన కొట్టినావు. కింద కొట్టినేదు. ఆయాల మా గుంటడూ అంతే. పైన కొట్టినాడు, కింద కొట్టినేదు. వత్తాడులే అని నాను అన్నం పొట్లం పట్టుకుని కూకుండిపోనాను." కాసేపు ఊపిరి పీల్చుకుంది. "ఇయ్యాల బేగి వచ్చినాను."

హవల్దారు రెండో మాట అప్పుడు గుర్తొచ్చింది. ఏం లాభం. ఆ ముసలమ్మ ముందు నాకు సిగ్గేసింది.

సంత నుంచి తిరిగొచ్చాక మా ఆవిడ అన్నం పెట్టి, ఏమైందని అడిగింది. జరిగింది చెప్పాను. ఇప్పుడు రెండు మలుపుల్లోనూ కొడతాను. ఆమె గడపలోంచి చెయ్యి ఊపి లోపలికి పోతుంది.

మంచు కొండల్లో చూసినవి చాలావరకు చెరిగిపోయాయి. ఇది మాత్రం పోదు. నేను బతికే ఉన్నాను, బండి పక్కన నిలబడి ఉన్నాను. ఆమె నా వైపు వీపు పెట్టి, ఆవుని కట్టే తాడు లోయలోకి జారవిడుస్తోంది, నేను పట్టుకుంటానని.