ఆవిరి విభాగానికి తామో ఫోను

లల్లా తామో ఎవరినీ నమ్మేది కాదు. చేపలవాడు తాజావంటే మొప్పలు ఎత్తి చూసేది. ఎర్రగా ఉంటే, రంగు పూశాడేమోనని వేలితో రుద్దేది. పెళ్ళి మాటలనాడు వరుడు తన వయసు చెబితే గుర్తింపు కార్డు చూపించమందట. పాపం, ఆయన ఇప్పటికీ ఏదో ఒకటి చూపిస్తూనే ఉన్నాడు.

సఫీ పట్నం దగ్గర సముద్రపు ఒడ్డున మా ఎరువుల ఫ్యాక్టరీ. అక్కడి కంట్రోల్ రూముకి ఆవిడే పెద్ద, అందుకే గౌరవంగా లల్లా అని పిలిచేవాళ్ళం. పక్క కుర్చీ నాది. నేను టీ పోసిస్తే, ముందు నన్నొక గుక్క తాగమనేది.

పూర్వం ఫ్యాక్టరీ అంతటినీ ఒకే పెద్ద కంప్యూటరు నడిపేది. అది తికమకపడితే అన్నీ ఆగిపోయేవి. ఆ ఏడాది దాన్ని తీసేసి ఆవిరికొకటి, యాసిడ్‌కొకటి, ఎండబెట్టే విభాగానికొకటి చొప్పున చిన్నవి పెట్టారు. రాబోయే అరగంటలో తన దగ్గర ఏం జరగబోతుందో ప్రతిదీ అంచనా వేసి పక్కవాటికి చెబుతుంది. దాన్నిబట్టి అవి తమ పని సర్దుకుంటాయి. వచ్చిన ఇంజనీరు ఇదంతా మురిసిపోతూ వివరించాడు.

"పక్కదానికి అబద్ధం చెబితే?" అంది తామో.

"కంప్యూటరు అబద్ధం ఎందుకు చెబుతుందండీ?"

"నేనూ అదే అడుగుతున్నా."

ఆ రోజు నుంచీ ఫోను పట్టుకుంది. తెర మీద ఏం కనిపించినా సరే, అక్కడున్న మనిషిని పిలిచి, ఇంకో అరగంటలో ఏం చేయబోతున్నావని అడిగేది. మిగతావాళ్ళకి ఎప్పుడో ఒకసారి. ఆవిరి విభాగంలో బాయిలర్ల దగ్గరుండే లహ్‌సెన్‌కి మాత్రం అరగంటకోసారి. చెప్పిందే మళ్ళీ చెప్పించేది కూడా. కునుకు తీస్తుంటే పట్టుకుని ఉద్యోగం ఊడగొట్టాలని చూస్తోందనుకున్నాం. అది చాలదన్నట్టు మేనేజరు దగ్గరికెళ్ళి, లహ్‌సెన్ మీద తనకి నమ్మకం లేదని, పక్కన ఇంకొకణ్ణి వెయ్యమని పోరు పెట్టింది. ఆయన రేపుమాపంటూ నాన్చాడు.

"నేనేం పాపం చేశానన్నా ఈవిడకి?" అని లహ్‌సెన్ నా దగ్గర వాపోయాడు.

రంజాన్ నెలలో ఒక మధ్యాహ్నం. ఆవిరికి ఏ లోటూ లేదని కంప్యూటరు చెబుతోంది. తామో మామూలుగానే ఫోను చేసి అడిగింది.

"అమ్మ దగ్గరికి పోతా. పిలుస్తోంది," అన్నాడు లహ్‌సెన్ ముద్దముద్దగా.

వాళ్ళమ్మ పోయి చాలా కాలమైంది. తామో బల్ల కిందనుంచి పళ్ళరసం సీసా లాక్కుని పరుగు తీసింది. అంత లావు మనిషి అలా పరుగెత్తగా నేనెన్నడూ చూడలేదు. వెనకే నేనూ వెళ్ళాను. లహ్‌సెన్ గోడకి జారబడి చెమటతో తడిసిపోయి ఉన్నాడు. ఉపవాసమంటూ మొహం తిప్పుకున్నాడు.

"రోగిష్టివాణ్ణి పస్తుండమని దేవుడు చెప్పలేదు. తాగు," అని గడ్డం పట్టుకుని తాగించింది.

కాసేపటికి తేరుకున్నాడు. అతనికి చక్కెర జబ్బు. తెలిస్తే పని పోతుందని దాచాడు. చేతుల వణుకు చూసి ఆవిడకి చలికాలంలోనే అనుమానం వచ్చిందట. మరి మేనేజరుకి ఆ మాటే చెప్పలేకపోయారా అన్నాను.

"జబ్బంటే వీణ్ణి తీసేస్తారు. నమ్మకం లేదంటే పక్కన ఇంకొకణ్ణి వేస్తారు," అంది.

ఆ సాయంత్రం మేనేజరు గదిలో కూర్చుని, హమ్మాదీ అనే అతన్ని లహ్‌సెన్‌కి తోడుగా వేసేదాకా లేవలేదు. లహ్‌సెన్‌ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది కూడా ఆవిడే. ఆ డాక్టరు రాసిచ్చింది నమ్మక ఇంకో డాక్టరుకి చూపించిందనుకోండి.

పండగనాడు లహ్‌సెన్, హమ్మాదీ కలిసి తేనెలో ముంచిన షబాకియా మిఠాయిల డబ్బా తెచ్చారు. తామో మూత తీసి, లోపలి ఖాళీలు చూసి, లహ్‌సెన్‌ని ఎన్ని తిన్నావని అడిగింది.

"ఒకటే లల్లా, దేవుడి తోడు."

ఆవిడ హమ్మాదీ వైపు తిరిగింది. హమ్మాదీ నేల చూపులు చూస్తూ మూడు వేళ్ళు చూపించాడు.